టెలిమార్కు స్కీల యెంపిక

మడమను బంధింపక, మోకాలు వంచి మంచుపై జాఱు విద్య నార్వేలోని టెలిమార్కు సీమ పేర వెలసినది. సోంద్రె నూర్‌హైము (1825-1897) దానికి కీర్తి తెచ్చెను.

అందులకు వలయు స్కీలను, అనగా పాదములకు కట్టుకొను పొడవు పలకలను, "స్త్రీలకు" అను ముద్ర చూచియే కొనవలదని మా మనవి. అట్టివి తఱచుగా తేలికయై, సులభముగ వంగునవి యగుటచే, బరువును బలమును గలవారికి గట్టిమంచుపై వేగమున వణకును.

లిఫ్టులుగల విహారస్థలములకు కొంత బరువు, నడుమ 85-95 మిల్లీమీటర్ల వెడల్పు మేలు. అడుగున బొచ్చుపట్టీ లంటించి తామే కొండ నెక్కువారికి ప్రతి తులమును భారమే, తేలికవానినే కోరుడు. రెంటికి నొకజతయే యన్నచో 95 మిల్లీమీటర్ల ప్రాంతమున, నిలిపినప్పుడు గడ్డమునకును నుదుటికిని నడుమ వచ్చునది చూడుడు.

కొనుటకు ముందు అద్దెకు తెచ్చి పరీక్షింపుడు. వాలున మనల నిలుపునది ముద్ర గాదు, తగిన పలకయే.