‘ఈ కథలో నీతి ఏమిటి?’

పిల్లలు కథ చదవడం పూర్తయిందో లేదో పెద్దవాళ్ళు వేసే మొదటి ప్రశ్న ఇది. నవలకీ కవిత్వానికీ వేయని ప్రశ్న పిల్లల కథకే ఎందుకు వేస్తారు? స్త్రీల రచనల్ని ఒకప్పుడు ‘సంసారానికి మేలు చేస్తాయా, చెరుపు చేస్తాయా’ అని తూచిన తక్కెడే ఇది. మన మీద ఆ తూకాన్ని మనం ఒప్పుకోలేదు. పిల్లల సాహిత్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనమే తక్కెడ పట్టుకుంటున్నాం.

పాత్రలు, స్థలం, భాష, కథ నడక, ఎవరి చూపులోంచి చెబుతున్నారన్నది - ఇవీ సాహిత్యాంశాలు. నీతి వీటిలో ఒకటి కాదు. వీటికి ఎండ తగలనివ్వకుండా అడ్డం పడిన గడ్డిమోపు అది.

ఏడు చేపల కథనే చూడండి. ‘తప్పు ఇంకొకరి మీదికి నెట్టకూడదు’ అని నీతి చెప్పి ముగించేస్తాం. కానీ ఆ కథ ప్రాణం దాని నడకలో ఉంది. చేప ఎండకపోవడానికి జవాబు గడ్డిమోపు, ఆవు, పాలేరు మీదుగా కిందికి దిగుతూ పోతుంది. పాలేరుకి బువ్వ పెట్టని అవ్వ దగ్గరికి, అవ్వని కదలనివ్వని పసిబిడ్డ దగ్గరికి చేరుతుంది. వేటాడి చేపలు తెచ్చిన రాజకొడుకులు ప్రశ్న వేసేవాళ్ళే తప్ప జవాబు చెప్పేవాళ్ళు కారు. అందరి ఆకలీ తీర్చాల్సిందీ, ఏడ్చే బిడ్డని చూసుకోవాల్సిందీ ఒక్క ఆడమనిషే. ఆమె చేసే రెండు పనులూ కథలో ‘చేయని పని’గానే లెక్కకొస్తాయి. చివరికి చీమ ఒక్కటే సంజాయిషీ చెప్పకుండా ఎదురు ప్రశ్న వేస్తుంది. ఆ మలుపుని పిల్లలు నవ్వుతూ పట్టుకుంటారు. మనం నీతి అడిగి ఆ నవ్వుని ఆపేస్తాం.

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటి పిల్లకి ఈ అవ్వ కొత్త కాదు. కండెలు చుడుతూ, పొయ్యి చూసుకుంటూ, చంటిదాన్ని ఊపే అమ్మని ఆ పిల్ల రోజూ చూస్తుంది. పట్టుచీర మీద నేతగాడి పేరే నిలుస్తుందని కూడా దానికి తెలుసు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టూ, పెనుకొండ కోటగోడా, తెలుగూ కన్నడమూ ఉర్దూ కలిసిపోయే వీధి మాటా ఈ పిల్లల స్థలమూ భాషా. కథల పుస్తకాల్లో మాత్రం ఎప్పుడూ పారే కాలువ, పచ్చటి వరిచేను, ఎక్కడా యాస తగలని మాట!

వేరే దారి లేదా? పెనుకొండకీ ధర్మవరానికీ దగ్గర్లోని చెన్నేకొత్తపల్లిలో 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రిక పిల్లలు రాసిన కథల్ని అచ్చువేసింది. అదే ఏడాది అన్వేషి ‘డిఫరెంట్ టేల్స్’ పుస్తకాలు వచ్చాయి. గోగు శ్యామల కథలో పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన దళిత బాలిక తన మీద దాడికి వచ్చినవాణ్ణి ఎదిరించి గెలుస్తుంది. ఆమెని ఊరు పిలిచే పేరు తాటకి. రాక్షసి పేరు గెలిచిన పిల్ల పేరవుతుంది. ఒక్క పేరుతో పురాణాన్ని తిరగేయడం సాహిత్యం చేసే పని. దీనికి కింద ‘ధైర్యంగా ఉండాలి’ అని రాస్తే మిగిలేదేమిటి?

నీతి వద్దంటే విలువలు వద్దనడం కాదు. ఎవరి విలువలో అడగడం నేర్పమనడం. ఆ అడగడం పాత్రనీ చూపునీ మాటనీ గమనించినప్పుడే వస్తుంది. మన సదస్సుల్లో, సిద్ధాంత వ్యాసాల్లో, సమీక్షల్లో పిల్లల పుస్తకానికి చోటేదీ? ఆడపిల్ల అణకువ మొదటిసారి నేర్చుకునేది నవలల్లో కాదు, ‘మంచి అమ్మాయి’ కథల్లో. స్త్రీవాద విమర్శ అక్కడికి వెళ్ళకపోతే ఇంకెక్కడ మొదలవుతుంది? చీమ దాకా దిగివచ్చిన ప్రశ్నని తిరిగి రాజకొడుకుల దాకా తీసుకెళ్ళాల్సింది మనమే.