పెద్ద లారీకి ఎలక్ట్రిక్ ఫ్యాను ఆనదు

మే నెలలో రాజమహేంద్రవరం ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఆ ఎండల్లోనే దాళ్వా ధాన్యం మిల్లులకు చేరాలి, భీమవరం, ఆకివీడు చేపలు ఐసు కరిగేలోగా హౌరా దారి పట్టాలి. బండి హీటెక్కి 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఆగిపోతే ఇంజనుతోపాటు సరుకూ పోతుంది. బెల్టు ఫ్యాను తీయించి ఎలక్ట్రిక్ ఫ్యాను బిగిస్తే ఈ బాధ వదులుతుందన్న సలహా వినడానికి బాగుంటుంది. చిన్న బళ్లకైతే అందులో పస కూడా ఉంది. పది చక్రాల లారీకి మాత్రం అది డబ్బు దండగ.

లెక్క చూడండి. డీజిల్ శక్తిలో పనికొచ్చేది దాదాపు 40 శాతం. పావు వంతుదాకా కూలెంటులో కలిసి రేడియేటరుకు చేరుతుంది. 200 హార్స్‌పవర్ లారీ పూర్తి బలంతో లాగుతుంటే రేడియేటరు వదిలించుకోవాల్సిన వేడి సుమారు 100 కిలోవాట్లు. దానికి సరిపడా గాలి లాగడానికి పెద్ద ఫ్యాను ఇంజను నుంచి 20 హార్స్‌పవర్ కూడా తీసుకోగలదు. 24 వోల్టుల బండిలో 100 ఆంపియర్ల ఆల్టర్నేటరు ఇచ్చేదేమో 2.4 కిలోవాట్లు, అంటే మూడు హార్స్‌పవర్ పైచిలుకు. లైట్లు, బ్యాటరీ చార్జింగు కూడా అందులోంచే. బెల్టు ఫ్యాను అనవసరంగా తిరిగి డీజిల్ తాగుతుందన్న ఆరోపణ పాత బళ్ల విషయంలో నిజమే. ఫ్యాను వేగం రెట్టింపైతే అది తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది మరి. అందుకే విస్కస్ క్లచ్ వచ్చింది. రేడియేటరు మీంచి వచ్చే గాలి వేడెక్కితేనే లోపలి సిలికాన్ నూనె ఫ్యానును గట్టిగా తిప్పుతుంది, లేకుంటే జారవిడుస్తుంది. ఆ నూనె కారిపోయాక ఫ్యాను సరిగా తిరగకపోతే మార్చాల్సింది క్లచ్చు.

గోదావరి డెల్టాలో బళ్లు హీటెక్కడానికి కారణాలు చాలావరకు ఫ్యానుకు అవతలే ఉంటాయి. కోతల కాలంలో ఊక, గడ్డి నలుసులు ఇంటర్‌కూలరుకూ రేడియేటరుకూ నడుమ పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. చెరువుల ప్రాంతంలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. కూలెంటు బదులు అవి పోస్తే గొట్టాల్లో పొర కడుతుంది, ఆ ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇక థర్మోస్టాట్ పీకేయడమనే చిట్కా వైద్యం ఉంది. కొన్ని ఇంజన్లలో దాన్ని తీసేస్తే నీళ్లు రేడియేటరును తప్పించుకుని బైపాస్ దారినే తిరుగుతాయి! పైగా 2025లో అమల్లోకి వచ్చిన నిబంధనతో కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. డ్రైవరుకు అది న్యాయంగా దక్కాల్సిన సుఖం. కండెన్సరును రేడియేటరు ముందు పెట్టిన బళ్లలో మాత్రం అప్పటికే వేడెక్కిన గాలి లోపలికి వెళ్తుంది కాబట్టి మురికిని ఇక ఉపేక్షించడానికి లేదు.

కార్లన్నీ ఎలక్ట్రిక్ ఫ్యాన్లతోనే నడుస్తున్నాయి కదా అంటారు. చాలా కార్లలో ఇంజను అడ్డంగా ఉంటుంది, బెల్టుతో ఫ్యాను తిప్పడం కుదరదు, వదిలించాల్సిన వేడీ తక్కువ. అమెరికాలో కొన్ని నగర బస్సులకు ఎలక్ట్రిక్ ఫ్యాన్లున్న మాటా నిజమే. వాటికి వరసగా అనేక ఫ్యాన్లు, వాటికి తగ్గ పెద్ద ఆల్టర్నేటరు పెట్టారు. మన షెడ్డులో ఒక్క ఫ్యాను బిగించడం దానికి సాటి రాదు. ఇంజను ఆపాక కూడా తిరుగుతుందన్న లాభం ఉంది గానీ, అప్పటికి వాటర్ పంపు ఆగిపోయి ఉంటుంది. అయితే అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి గెలలు మోస్తూ కాలవ గట్ల మీద నెమ్మదిగా నడిచే చిన్న బళ్ల సంగతి వేరు. ఇంజను మెల్లగా తిరిగితే బెల్టు ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది. ఎలక్ట్రిక్ ఫ్యానుకు ఆ కట్టుబాటు లేదు. రిలే, ఫ్యూజు, తగినంత లావు వైరు, టెంపరేచర్ స్విచ్చు పెట్టి బిగిస్తే అక్కడ అది చక్కగా పనిచేస్తుంది. పెద్ద లారీకి ముందు ఇంటర్‌కూలరు విప్పి రెండు వైపులా కడిగించి, క్లచ్చు చూపించి, కూలెంటు మార్పించాలి. ఆ తర్వాత కూడా మారేడుమిల్లి ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్తే, అప్పుడు వాటర్ పంపునూ హెడ్ గ్యాస్కెట్‌నూ అనుమానించాలి.