ప్రాస ఎక్కడ జారిపోయింది?

మొన్న హిందూపురం వెళ్లడానికి ధర్మవరంలో రైలెక్కాను. చేతిలో సర్ విలియం జోన్స్ 1780 ప్రాంతాల ఇంగ్లీషు చేసిన ఏడు అరబ్బీ కావ్యాలు, 'ముఅల్లఖాత్'. ఆ దొరే 1783లో కలకత్తాకు జడ్జీగా వచ్చి, 1789లో మన శాకుంతలాన్నీ ఇంగ్లీషు చేశాడు. అందులో ఒక ముక్క తెలుగు చేసి, పైన 'అరబ్బీ నుంచి' అని దర్జాగా రాసుకున్నాను.

పెనుకొండలో ఒక పెద్దాయన ఎక్కారు. అరబ్బీ పాఠాలు చెప్పినవారట. నా తెలుగు వినిపించాను.

"అర్థం వచ్చింది నాయనా, మోత ఏదీ?" అంటూ మూలం అందుకున్నారు. ప్రతి పద్యం చివరా అదే అక్షరం, గంట కొట్టినట్లు! కావ్యం పొడుగునా అంతేనట. మన ప్రాస పాదంలో రెండో అక్షరం; వారిది తోకన. జోన్స్ వచనంలోనే ఆ గంట లేదు. ఇక నాకెక్కడ దొరుకుతుంది?

"చించెయ్యమంటారా సాహెబు గారూ?" అన్నాను.

"ఎందుకు? ఇది రాయకుంటే నన్ను పలకరించేవాడివా?"

హిందూపురం వచ్చేసింది. దిగేముందు 'అరబ్బీ నుంచి' కొట్టేసి, 'ఇంగ్లీషు ద్వారా' అని రాశాను. ఆయన చూసి నవ్వారు.