కీచురాయి ఆగలేదు

కోనసీమలో నాట్లు పడ్డ రోజులు. చీకటి పడితే చేలన్నీ గొంతు విప్పుతాయి. అరుగు మీది తాతగారు మాత్రం ‘కప్పలే అరుస్తున్నాయి, ఈ ఏడు కీచురాళ్లేవిరా?’ అంటారు. మనవడు నవ్వుతాడు. వాడి చెవుల్లో ఆ కీచు హోరెత్తిపోతోంది మరి.

తాతగారికి చెవుడని తేల్చేస్తాం. కానీ కప్పలు వినపడుతున్నాయిగా! ఆ కిటుకు చెవి అమరికలోనే ఉంది. చప్పుడు కర్ణభేరిని కదిపితే, వెనకున్న మూడు ఎముకలు ఆ కదలికను లోపలికి తోస్తాయి. చివరిది 3 మిల్లీమీటర్లే, బియ్యపు గింజలో సగం. ఆ తోపుకి కదిలేది కర్ణావర్తంలోని ద్రవం. కర్ణావర్తమంటే అచ్చం మన చేలగట్ల మీది నత్తగుల్ల. అందులో సుమారు 15 వేల రోమకణాలు వీణ మెట్లలా వరుస తీరి ఉంటాయి. సన్నని కీచు శబ్దాలకు వాకిట్లోవి, బొంగురు శబ్దాలకు లోపలి కొసనున్నవి పలుకుతాయి. ఈ మర్మాన్ని శోధించిన శాస్త్రవేత్త బెకెషికి 1961లో నోబెల్ వచ్చింది. ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు వీణ మెట్ల మీద పలికించినదంతా శ్రోత చెవిలో ఈ మెట్ల మీదే మళ్లీ పలికింది.

వీణ మెట్టు కదిలితే మైనం పెట్టి మళ్లీ నిలబెడతారు. రోమకణం పోతే తిరిగి మొలవదు. వయసుకైనా మోతకైనా ముందు బలయ్యేవి వాకిట్లోవే. అందుకే కీచురాయి పోయి కప్ప మిగిలింది. మాటల్లోనూ స, శ వంటి సన్నని ధ్వనులు ముందు జారిపోతాయి. ‘వినపడుతోందిరా, తెలియడం లేదు’ అని పెద్దలనేది అందుకే. మనమేమో గొంతు చించుకుంటాం. దాంతో కప్ప గొంతు పెరుగుతుందే గాని కీచురాయి తిరిగిరాదు. ఎదురుగా కూర్చుని నిదానంగా చెబితే చాలు. వినికిడి యంత్రానికీ కళ్లజోడుకిచ్చినంత మర్యాద ఇస్తే ఇంకా మేలు.

ఇక మనవడి సంగతి. శ్రావణమాసపు పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టెల ముందు గంతులేసేది వాడే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు మోగకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అయినా మోత ఆగదు. ఇంటికొచ్చాక చెవుల్లో ‘గుయ్‌’మంటుంటే వాకిటి మెట్లు అలిసిపోయాయని అర్థం. తాతగారి చేలో కీచురాళ్లు ఆగడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. మనవడి చేలో అంతకంటే ముందే ఆగిపోకుండా, ఆ పెట్టెల మీట ఎవరైనా పెద్దవారు కాస్త తగ్గించరూ?