‘అన్‌ఫిట్’ ముద్ర ఎవరి ఆరోగ్యం కోసం?

మదనపల్లె, పుంగనూరు, వాల్మీకిపురం ప్రాంతాల్లో ‘మెడికల్’ అనే మాటకు వైద్యంతో సంబంధం లేదు. ‘ఆయమ్మ మెడికల్‌కు పోయిందంట’, ‘మెడికల్‌లో నిలబడలేదంట’ అనే మాటలు ఇక్కడ చదువురాని వాళ్ళ నోట కూడా మామూలుగా వినిపిస్తాయి. వైద్యమంటే జబ్బుపడిన మనిషిని బాగుచేసేది. ‘మెడికల్’ అంటే బాగానే ఉన్న మనిషి పరాయి దేశంలో పనికి పనికొస్తుందో రాదో తేల్చేది. పుంగనూరు ఆవును కొనేవాడు కూడా పళ్ళు చూస్తాడు, పొదుగు చూస్తాడు. కాకపోతే సంతకు వచ్చిపోయే ఖర్చు కొనేవాడిది. ఇక్కడ పరీక్ష ఫీజు, చెన్నైకో హైదరాబాదుకో పోయివచ్చే బస్సు ఛార్జీ, ఫెయిలైతే ఆ నష్టం, అన్నీ ఆమెవే.

కడప, రాయచోటి, మదనపల్లె వైపు నుంచి కువైట్ ఇళ్ళలో పనికి పోయే స్త్రీల గురించి మన పత్రికల్లో ఎంతో కొంత చర్చ జరిగింది. నేను ఇక్కడ ఇంకో రకం ప్రయాణం గురించి రాస్తున్నాను. ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఇడి. చేసి, ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పొద్దస్తమానం గొంతు చించుకునే టీచర్లు. వీళ్ళు గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలలకూ, మాల్దీవులకూ, ఆఫ్రికా దేశాలకూ ఇంగ్లీషు చెప్పడానికి దరఖాస్తులు పెట్టుకుంటున్నారు. పది పాసైంది కాబట్టి ఆమె పాస్‌పోర్టుకు వలస అనుమతి అక్కర్లేదు. ఇళ్ళలో పనికి పోయే స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం 2016లో పెట్టిన నిబంధన ఈమెకు వర్తించదు. చదువుకున్నది గదా, తన బాగోగులు తనే చూసుకుంటుందని రాజ్యం చేతులు దులుపుకుంది. మిగిలింది ఏజెంటు, ల్యాబు, ఆమె.

గల్ఫ్ సహకార మండలి దేశాలు గుర్తించిన కేంద్రాల్లో జరిగే పరీక్షల పట్టిక ఒకసారి చూడండి. మనకు గామ్కా పేరుతో తెలిసిన ఈ వ్యవస్థ ఇప్పుడు వాఫిద్ పేరుతో ఆన్‌లైన్‌లో నడుస్తోంది. ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్. వీటితో పాటు గర్భ పరీక్ష. ‘అన్‌ఫిట్’ కారణాల జాబితాలో క్షయ, కుష్ఠు ఉన్న వరసలోనే గర్భం కూడా ఉంటుంది. అది జబ్బు కాదనీ, అంటుకోదనీ డాక్టరుకు తెలియదా? తెలుసు. అక్కడ పరీక్షిస్తున్నది ఆరోగ్యాన్ని కాదు. కాంట్రాక్టు కాలమంతా సెలవడగకుండా, ప్రసూతి ఖర్చు పెట్టించకుండా, పిల్లను కని ఆ దేశానికి ఇంకో మనిషిని తగిలించకుండా ఈ శరీరం పనిచేస్తుందా లేదా అన్నదాన్ని. గర్భవతి అని తేలిన టీచరుకు ఎవరూ ‘గర్భం తీయించుకో’ అని చెప్పరు. చెప్పాల్సిన అవసరం లేదు. అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టిన డబ్బే ఆ మాట చెప్తుంది.

ఎక్స్‌రే సంగతి వాల్మీకిపురం వాళ్ళకు మరీ దగ్గరది. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం పెట్టి నూరేళ్ళు దాటింది. 1948లో మన దేశంలో బిసిజి టీకాను మొదలుపెట్టిన రెండు చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ తర్వాత 1950లలో ఫ్రిమోట్ మొల్లర్ బృందం ఈ చుట్టుపక్కల పల్లెల్లో జరిపిన బిసిజి అధ్యయనాన్ని ప్రపంచమంతా చదువుకుంది. అంటే మన అవ్వల, అమ్మల చేతుల మీద సూది గుచ్చి, ఫిల్ములు తీసి, క్షయ గురించి ప్రపంచం పాఠం నేర్చుకుంది. క్షయరోగికి ఇంట్లోనే ఉంచి మందులిచ్చినా శానిటోరియంలో ఇచ్చినంత బాగా నయమవుతుందని, దానివల్ల ఇంట్లోవాళ్ళకు అదనపు ప్రమాదమేమీ లేదని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చింది. ఇంత జరిగాక, చిన్నప్పుడు క్షయ వచ్చి పూర్తిగా నయమైన స్త్రీ ఎక్స్‌రేలో పాత మచ్చ కనబడితే ఆమె ‘అన్‌ఫిట్’. కఫంలో క్రిములు లేవన్న రిపోర్టు పట్టుకెళ్ళినా ఆ నిబంధన వినదు. మచ్చే నేరం. ప్రభుత్వం చెప్పినట్టు నెలల తరబడి మాత్రలు మింగి నయం చేసుకున్నందుకు ఆమెకు దక్కిన ప్రతిఫలం ఇది.

హెపటైటిస్ బి కథ ఇంకా విచిత్రం. ఎమిరేట్స్‌లో ఈ పరీక్ష అందరికీ లేదు. ఇంటిపనివాళ్ళకు, ఆయాలకు, బ్యూటీ పార్లర్లలో పనిచేసేవాళ్ళకు, ఆరోగ్య సిబ్బందికి, వాళ్ళతో పాటు నర్సరీ, కిండర్‌గార్టెన్ టీచర్లకు ఉంది. ఈ జాబితాలో ఎక్కువ భాగం ఆడవాళ్ళు చేసే పనులే. ఈ జబ్బుకు టీకా ఉంది. మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్ నుంచి వచ్చింది. అప్పటిదాకా విదేశీ కంపెనీలు చెప్పిందే ధరగా ఉన్న మందు దాని తర్వాత మధ్యతరగతికి అందింది. కానీ పిల్లల టీకాల పట్టికలో దాన్ని దేశమంతటికీ విస్తరించింది 2011 ప్రాంతంలో. కాబట్టి ఇప్పుడు ఉద్యోగానికి పోతున్న పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళ టీచర్లలో చాలామందికి అది అందలేదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన రోజు ఎవరైనా ఆమెకు మూడు డోసులు వేయించారా? లేదు. వైరస్ ఉందో లేదో మాత్రం డబ్బు కట్టించుకుని చూశారు. ఆమెను కాపాడే సూదికి దిక్కులేదు. ఆమెను తోసేసే సూది మాత్రం తప్పనిసరి.

ఇక్కడ మన సొంత ప్రభుత్వాన్ని కూడా వదిలిపెట్టడానికి వీల్లేదు. సార్వత్రిక టీకాల కార్యక్రమం ఎవరి కోసమో చూడండి. పిల్లలకు, గర్భిణులకు. కోవిడ్ కాలాన్ని పక్కన పెడితే, ప్రభుత్వాసుపత్రిలో వయసొచ్చిన స్త్రీకి మామూలుగా టీకా దొరికేది కడుపుతో ఉన్నప్పుడే, అది కూడా పుట్టబోయే బిడ్డకు ధనుర్వాతం రాకుండా. కడుపుతో ఉంటే ఇక్కడి రాజ్యం ఆమెను పట్టించుకుంటుంది, కడుపుతో ఉంటే అక్కడి యజమాని ఆమెను వద్దంటాడు. ఇద్దరూ చూసేది గర్భసంచినే. మధ్యలో ఒక మనిషి, ఎం.ఏ. బి.ఇడి. చదివిన మనిషి ఉందని ఇద్దరికీ తట్టదు.

తప్పనిసరి టీకా ఒకటుంది గదా అంటారేమో. ఉంది, ఎల్లో ఫీవర్‌ది. ఇథియోపియాకో నైజీరియాకో పోయే టీచరు గుర్తింపు పొందిన కేంద్రంలోనే అది వేయించుకోవాలి, అంటే చెన్నైలో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదు నారాయణగూడలో ఐపీఎం లాంటి చోట్లకు పోవాలి. వేసిన పదిరోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది కూడా. మంచి టీకా, కాదనను. అయితే ఆ కార్డు లేకుండా తిరిగొస్తే విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా నిర్బంధించి ఉంచేది ఎందుకు? ఆ జబ్బు లేని మన దేశంలోకి అది రాకుండా ఉండాలని. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా కాబట్టి గర్భిణులు, పాలిచ్చే తల్లులు మామూలుగా వేయించుకోకూడదు. ‘పసిబిడ్డకు పాలిస్తున్నావా?’ అని తీరిగ్గా అడిగి, ఆమె పరిస్థితికి తగిన సలహా ఇవ్వాల్సిన బాధ్యత ఏజెంటుదా, డాక్టరుదా, స్కూలు యాజమాన్యానిదా? ఎవరిదీ కాదు కాబట్టే ఎవరూ అడగరు.

‘వాళ్ళ దేశం, వాళ్ళ రూలు. ఇష్టముంటే పోవాలి, లేకుంటే మానుకోవాలి.’ చదువుకున్న మగవాళ్ళు, కొందరు లాయర్లు కూడా చెప్పే మాట ఇది. రక్తం తీస్తున్నది దుబాయిలో కాదు, చెన్నైలో, హైదరాబాదులో. తీస్తున్నవాళ్ళు ఇక్కడ రిజిస్టరైన డాక్టర్లు. ఇక్కడి చట్టం ఏమంటోంది? 2017లో చేసిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. పరీక్షకు ముందు, తర్వాత కౌన్సెలింగ్ ఇవ్వాలి, తెలిసి ఇచ్చిన సమ్మతి ఉండాలి, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి, ఉద్యోగానికి ముందు షరతుగా హెచ్‌ఐవి పరీక్ష పెట్టడం వివక్ష అని ఆ చట్టం చెప్తోంది. సమ్మతి అక్కర్లేదన్న మినహాయింపులు కోర్టు ఆజ్ఞ, రక్తనిధి, అవయవదానం, పేర్లు లేకుండా జరిపే సర్వేలాంటివి. వాటిలో వీసా లేదు. మరి ఫారం మీద వేలు పెట్టి ‘ఇక్కడ సంతకం చెయ్యమ్మా’ అనడం ఏ కౌన్సెలింగ్?

గర్భం సంగతికొస్తే, ఆఖరి నెలసరి ఎప్పుడు, ఎన్ని కాన్పులు అని ఉద్యోగంలోకి తీసుకునే ఫారంలో అడిగినందుకు ఎల్‌ఐసిని సుప్రీంకోర్టు 1991లోనే తప్పుబట్టి, ఆ గడులు తీసెయ్యమంది. 2022 జనవరిలో స్టేట్ బ్యాంకు మూడు నెలలు దాటిన గర్భిణులను ‘తాత్కాలికంగా అన్‌ఫిట్’ అన్నప్పుడు దేశమంతా గొడవ చేస్తే ఆ నెలలోనే వెనక్కి తీసుకుంది. అదే ప్రశ్న, అదే పరీక్ష, మన వీధుల్లోని ల్యాబులో గల్ఫ్ స్కూలు కోసం జరిగితే ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. దేశంలో ఉన్నంతవరకు పౌరురాలు, వీసాకు దరఖాస్తు పెట్టగానే సరుకు.

పరాయి దేశపు రూళ్ళు మారవన్నది కూడా అబద్ధం. 1979 జనవరిలో పెళ్ళి చేసుకోవడానికి లండన్ వెళ్ళిన 35 ఏళ్ళ భారతీయ స్త్రీని హీత్రో విమానాశ్రయంలో ‘కన్య’ అవునో కాదో అని ఒక మగ డాక్టరు పరీక్షించాడు. ఆమె కూడా టీచరే. పత్రికల్లో బయటపడ్డాక, అక్కడి దక్షిణాసియా, నల్లజాతి స్త్రీల సంఘాలు విమానాశ్రయంలోనే ధర్నా చేశాయి. ఆ పద్ధతి ఆగింది. ఎనభై మందికి తక్కువ కాకుండా స్త్రీలకు, ఎక్కువగా మన ఉపఖండంలోని బ్రిటిష్ కార్యాలయాల దగ్గరే, ఈ పరీక్ష జరిగిందని తర్వాత ప్రభుత్వ పత్రాల్లోనే దొరికింది. దక్షిణ కొరియా 2007 నుంచి విదేశీ ఇంగ్లీషు టీచర్లకు హెచ్‌ఐవి, మాదకద్రవ్యాల పరీక్షలు పెట్టింది. కొరియన్ టీచర్లకు, కొరియన్ సంతతి వాళ్ళకు అవి లేవు. న్యూజిలాండ్ టీచరు ఒకామె 2009లో మళ్ళీ పరీక్షకు ఒప్పుకోనని, ఉద్యోగం పోయినా సరేనని, ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ దాకా పోయింది. 2015లో కమిటీ ఆమె పక్షాన చెప్పింది. 2017లో కొరియా హెచ్‌ఐవి పరీక్షను ఎత్తేసింది. ఇది చెప్పేటప్పుడు మన మొహం కూడా అద్దంలో చూసుకోవాలి. 1980ల చివర్లో విదేశీ విద్యార్థులకు, ముఖ్యంగా ఆఫ్రికా వాళ్ళకు, హెచ్‌ఐవి పరీక్షలు చేసి తిప్పి పంపింది మనమే.

మదనపల్లె వాళ్ళకు ఇంకో మాట గుర్తుచేస్తాను. ఐర్లండ్ నుంచి 1915లో భారతదేశానికి వచ్చిన జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ ఈ ఊరి థియోసాఫికల్ కాలేజీలో పనిచేశారు. 1919లో ‘జనగణమన’ స్వరలిపిని మార్గరెట్ ఇక్కడే రాసింది. స్త్రీల ఓటు హక్కు కోసం, అఖిల భారత మహిళా సభ కోసం పనిచేసిన మనిషి ఆమె. సముద్రం దాటి వచ్చిన ఆ స్త్రీని మూత్రం సీసా పట్టుకుని ఎవరూ నిలబెట్టలేదు. అప్పటికి ఆ పరీక్షే పుట్టలేదు. నూరేళ్ళలో సైన్సు పెరిగింది, ఆమెలాంటి పని మీద ఎదురు దిక్కుకు పోయే మన టీచరుకు మాత్రం గౌరవం పెరగలేదు.

ఈ మాటలు టీచర్ల మధ్య చెప్పినప్పుడు నాకు తరచు వచ్చే జవాబు: ‘మేడం, మేం పనిమనుషులం కాదు గదా, మమ్మల్ని వాళ్ళతో కలిపి వరసలో నిలబెడతారు.’ ఆ బాధ అర్థమవుతుంది. కానీ అవమానమల్లా వరస కలిసినందుకేనా? ఇళ్ళలో పనిచేసే ఆమెకు ఈ పరీక్ష న్యాయమేనా? గిన్నెలు తోమే స్త్రీ మీద ముందు అలవాటు చేసుకున్న నిబంధనే రేపు పలక పట్టించే స్త్రీ మీదికి వస్తుంది. కిండర్‌గార్టెన్ టీచరు ఆయాతో ఒకే జాబితాలో ఉండటం ఇప్పటికే చూశాం.

‘అన్‌ఫిట్’ అయి తిరిగివచ్చిన తర్వాత ఏం జరుగుతుందో ఊళ్ళో ఉన్నవాళ్ళకు తెలుసు. కారణం ఆమె కంటే ముందు ఏజెంటుకు తెలుస్తుంది. ఏజెంటుకు తెలిస్తే బస్టాండుకు తెలిసినట్టే. వాల్మీకిపురం లాంటి ఊళ్ళో ‘ఏమొచ్చిందంటమ్మే ఆ టీచరమ్మకు?’ అన్న ప్రశ్న సాయంత్రానికి వీధి చివరికి చేరుతుంది. పాత క్షయ మచ్చ కాస్తా ఎయిడ్స్ అయి కూర్చుంటుంది. మొగుడు అనుమానిస్తాడు, స్కూలు వాళ్ళు ‘తల్లిదండ్రులు ఏమనుకుంటారో’ అని పాత ఉద్యోగం కూడా ఇవ్వడానికి నసుగుతారు. పెళ్ళికాని పిల్లైతే చెప్పనే అక్కర్లేదు. గర్భం అని తేలిన ఆమెకు కనీసం మొగుడైనా చెప్పుకోవడానికి ఉండాలి, లేకపోతే ఊరే కోర్టు.

మన సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు ఏం చేస్తున్నాయి? ప్రయాణానికి ముందు శిక్షణ పేరుతో ‘మెడికల్‌కు ముందు జాగ్రత్తగా ఉండండి’ అని చెప్పడంతో ఆగిపోతున్నాయి. పరీక్షలో ఎలా పాసవ్వాలో నేర్పడం హక్కుల పని కాదు. పటాన్‌చెరులో 1985లో నెట్-ఎన్ ఇంజక్షన్ ప్రయోగం జరుగుతుంటే ‘ఈ మందేమిటో ఈ స్త్రీలకు చెప్పారా?’ అని అడిగి సుప్రీంకోర్టుకెక్కింది స్త్రీశక్తి సంఘటన. 2009లో భద్రాచలం వైపు గిరిజన బాలికలకు హెచ్‌పివి టీకా వేసినప్పుడు తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపెట్టింది కూడా మహిళా, ఆరోగ్య సంఘాలే. అదే ప్రశ్న ఈ ల్యాబుల ముందు ఎందుకు అడగం?

అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. ఏ పరీక్ష ఎందుకో తెలుగులో రాసిన కాగితం. ఫలితం మొదట ఆమె చేతికే, ఏజెంటుకు కాదు. ‘అన్‌ఫిట్’ అంటే కారణం రాసివ్వడం, ప్రభుత్వాసుపత్రిలో మళ్ళీ పరీక్షకు హక్కు, ఆ రిపోర్టును లెక్కలోకి తీసుకునేలా విదేశాంగ శాఖ గల్ఫ్ దేశాలతో మాట్లాడటం. ఫీజు యజమాని భరించాలి. గర్భ పరీక్షను జాబితా నుంచి తీసెయ్యాలి. మదనపల్లె ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగానికి పోయే స్త్రీలకు, టీచరైనా ఇంటిపని మనిషైనా, హెపటైటిస్ బి మూడు డోసులూ ఉచితంగా వేయాలి. ఆర్నెల్ల ముందు మొదలుపెట్టాలి కాబట్టి వీసా వచ్చాక కాదు, పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజే.

హెచ్‌ఐవి చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రంలోనూ ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉండాలి. కుప్పం నుంచి వాల్మీకిపురం దాకా పనిచేస్తున్న సంఘాలు తమ దగ్గరకు వచ్చే స్త్రీలను అడిగి, పేర్లు బయటపెట్టకుండా, సమ్మతి కాగితం ఇచ్చారా, కౌన్సెలింగ్ జరిగిందా, ఫలితం ఎవరి చేతికి వెళ్ళింది, ఎంత కట్టించుకున్నారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసిపెట్టుకోవడం మొదలుపెడితే, ఆ గుమ్మం ముందు పెట్టడానికి మన చేతిలో కాగితం ఉంటుంది.