ముందు గ్రైండర్, తర్వాతే మెషిన్

సింహాద్రిపురంలోనైనా, ప్రొద్దుటూరులోనైనా ఇంట్లో మంచి కాఫీ తాగాలనుకునేవారు మొదట ఎస్‌ప్రెసో మెషిన్ ధర చూస్తారు. చూడాల్సింది గ్రైండర్‌ను. మిక్సీ బ్లేడు గింజను నరుకుతుంది. జార్‌లో కొంత పిండి, కొంత నూక తేలుతుంది. వేడినీళ్లు పడ్డాక పిండి చేదునిస్తుంది, నూక పులుపునిస్తుంది. బర్ గ్రైండర్‌లో రెండు పళ్ల చక్రాల మధ్య నలిగిన గింజ ఇంచుమించు ఒకే సైజులో వస్తుంది. 9 బార్ల ఒత్తిడితో అర నిమిషంలో దిగే ఎస్‌ప్రెసోకు ఈ సైజే ప్రాణం: పొడి కాస్త ముతకైతే నీళ్లు జారిపోతాయి, మరీ మెత్తనైతే చుక్క దిగదు.

మన స్టీలు ఫిల్టర్‌కు ఇంత హంగామా ఎందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. చికోరీ కలిపిన పొడే ఇష్టమైతే గ్రైండర్ అక్కర్లేదు. దుకాణంలో ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా తాజా పొడి తెచ్చుకుంటే చాలు. కానీ 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా గింజలు కొని మిక్సీలో వేయడం డబ్బు దండగ. కరెంటు గ్రైండర్ ఖరీదనుకుంటే చేత్తో తిప్పేది తక్కువలో వస్తుంది. ఒకరిద్దరికి సరిపోతుంది, కరెంటు పోయినా ఆగదు. ఎస్‌ప్రెసో కోసమైతే మెత్తదనాన్ని కొద్దికొద్దిగా మార్చుకునే వీలున్నదే ఎంచుకోండి. బడ్జెట్‌లో పెద్ద వాటా దానికే ఇవ్వండి. మెషిన్ తర్వాత కొనుక్కోవచ్చు.