పర్షియాలో పుట్టని పర్షియా పువ్వు

సైకిల్, సైక్లోన్, సైక్లమెన్. మొదటిది తొక్కుతాం, రెండోదంటే భయపడతాం. మూడోది చలికాలం రాగానే అమెరికా, యూరప్ సూపర్‌మార్కెట్లలో కుండీల్లో కనిపించే పూలమొక్క. మూడింటికీ మూలం ఒకే గ్రీకు మాట, 'కుక్లోస్'. అంటే వలయం. సంస్కృతం నుంచి మనకొచ్చిన 'చక్రం' కూడా దానికి చుట్టమే. అన్నట్టు, 'సైక్లోన్' పేరు పెట్టింది కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్. 1848లో అచ్చయిన నావికుల పుస్తకంలో వాడాడు.

సరే, పువ్వులో వలయం ఎక్కడుంది? రేకులు చూస్తే ఈదురుగాలికి తిరగబడిన గొడుగులా ఉంటాయి, గుండ్రం ఏమీ లేదు. దీనికి రెండు జవాబులు చెబుతారు. ఒకటి, మట్టిలో ఉండే గుండ్రటి దుంప. రెండోది, పువ్వు రాలాక కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను నేల మీదికి లాక్కోవడం. రెండో కథ భలే ఉంటుంది కానీ, షాపుల్లో అమ్మే 'సైక్లమెన్ పర్సికమ్' కాడ చుట్టుకోదు, ఊరికే వంగుతుంది. నా ఓటు దుంపకే. ఇంగ్లిష్ పల్లెల్లో దీని పాత పేరు 'సౌబ్రెడ్', అంటే ఆడపంది రొట్టె. పందులు తవ్వుకుని తినేది కూడా ఆ దుంపనే కదా!

ఇక 'పర్సికమ్' అంటే పర్షియాది అని. తమాషా ఏంటంటే, ఈ రకం ఇరాన్ అడవుల్లో పెరగదు. టర్కీ, సిరియా, లెబనాన్, సైప్రస్ వైపు కొండరాళ్ల మధ్య పూస్తుంది. 1768లో ఫిలిప్ మిల్లర్ అలా పేరు పెట్టేశాడు, అంతే. వృక్షశాస్త్రంలో అర్థం కుదరలేదని పేరు మార్చడం ఉండదు. మా ఆఫీసులో పాత కోడ్‌లోని వేరియబుల్ పేర్ల లాగే: తప్పని అందరికీ తెలుసు, ఎవరూ ముట్టుకోరు.

గింజల సంగతి ఇంకా బాగుంటుంది. వాటి పైన తియ్యటి జిగురు పూత ఉంటుంది. చీమలు దానికోసం గింజల్ని మోసుకెళ్లి, పూత తినేసి, గింజను వదిలేస్తాయి. అలా మొక్క ఊరు మారుతుంది.

చీమలు గింజలతో ఆగాయి, మనం దుంపలే పెరికేశాం. టర్కీ అడవుల నుంచి ఒకప్పుడు అడవి దుంపలు పెద్ద ఎత్తున ఎగుమతయ్యాయి. ఇప్పుడు సైక్లమెన్ జాతి మొత్తం సైటిస్ ఒప్పందం కింద ఉంది, అడవి దుంపల్ని ఇష్టమొచ్చినట్టు దేశం దాటించడం కుదరదు.

కుండీలో కొన్నవాటిదీ పెద్ద గొప్ప బతుకేం కాదు. ఎండాకాలానికి ఆకులన్నీ పచ్చబడి రాలిపోతాయి. చచ్చిపోయిందనుకుని చాలామంది చెత్తబుట్టలో వేస్తారు. నిజానికి అది నిద్రపోతోంది, మధ్యధరా ఎండల్ని తట్టుకోడానికి నేర్చుకున్న పద్ధతి అది. అక్కడున్న మన వాళ్లెవరైనా చదువుతుంటే, నీళ్లు తగ్గించి కుండీని నీడలో పెట్టండి. ఆకురాలే కాలంలో దుంప నెత్తిన చిన్న మొలక కనిపిస్తుంది. అప్పుడు కుండీ కింది ప్లేటులో కాసిని నీళ్లు పోయండి. పై నుంచి పోస్తే దుంప కుళ్లుతుంది.